కుళ్లని పీలిక

బెరిల్ హాస్కింగ్ మంత్రగత్తె అన్న సంగతి పదేళ్ల కిందటి దాకా మా ఊళ్లో ఎవరికీ తెలియదు. అప్పటి వరకు ఆమె మా బళ్లో మధ్యాహ్నం భోజనం వడ్డించే ఆవిడ. బంగాళాదుంపల ముద్ద, బఠాణీలు, చేపముక్క. ఏడ్చే పిల్లలకు ఇంకో గరిటె ఎక్కువ. ఆమె రిటైరైన ఏడాది మే నెలలో ఎవరో పత్రికవాడు వచ్చి, కొండ మీద నిలువురాళ్ల దగ్గర తలకు పూలదండ చుట్టుకుని నిలబడ్డ ఆమె ఫొటో తీసుకుని, కింద ‘విక్కన్ పూజారిణి’, అంటే మంత్రగత్తెల మతంలో పూజారి, అని వేశాడు. ఇక చూడండి. ముప్పై ఏళ్లు ఆమె చేతి కూడు తిన్న ఊరికి ఒక్క వారంలో జ్ఞాపకాలు పుట్టుకొచ్చాయి. దుంపల ముద్దను ఆమె ఎప్పుడూ ఎడమవైపే తిప్పేదట. శుక్రవారం సూపు మరీ ఆకుపచ్చగా ఉండేదట. ఫలానావాళ్ల అబ్బాయి రెండుసార్లు అడిగి పెట్టించుకున్నాక గణితంలో తప్పాడట. ఆ అబ్బాయి ముందు కూడా తప్పుతూనే ఉండేవాడు, ఆ మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

నల్లపిల్లి ఉందన్నారు. ఉన్నది ముసలి కుక్క, అదీ గోధుమ రంగుది. మే పండక్కి కొండ మీద బట్టల్లేకుండా నాట్యం చేస్తారన్నారు. ఇంగ్లండు కొసన ఉన్న మా కార్న్‌వాల్ కొండల మీద మే నెలలో ఎంత చలిగాలి వీస్తుందో పుట్టినప్పటి నుంచీ చూస్తున్నవాళ్లే ఈ మాట అన్నారు.

అందరికంటే గట్టిగా అన్నది డోరీన్. మా ఆయన డెన్‌జిల్ వాళ్ల అమ్మ. డోరీన్ ప్రతి ఆదివారం ప్రార్థనకు వెళ్తుంది, మూఢనమ్మకాలంటే ఆమెకు పడదు. డెన్‌జిల్ చేపల పడవెక్కే రోజు మాత్రం ఇంట్లో ఎవరూ కుందేలు పేరు ఎత్తకూడదు, ‘పొడుగు చెవులది’ అనాలి. మే నెలలో తెల్లగా పూసే ముళ్లచెట్టు కొమ్మ గుమ్మం దాటి లోపలికి రాకూడదు. చిల్లున్న రాయి ఒకటి తలుపు వెనక వేలాడాలి. “ఇవి నమ్మకాలు కావమ్మా, జాగ్రత్తలు” అంటుంది.

నాకు అప్పుడు పంతొమ్మిదేళ్లు. మా పెర్రన్‌కు ఏడాదిన్నర. వాడు కడుపులో పడటంతో పరీక్షలు రాయకుండానే బడి మానేశాను. డెన్‌జిల్ ఎనిమిది రోజులు సముద్రం మీద, రెండు రోజులు ఇంట్లో. పెర్రన్‌కు ఒక దగ్గు పట్టుకుంది. మామూలు దగ్గు కాదు, కుక్క మొరిగినట్టు ఉంటుంది. వస్తే మనిషి ఎర్రగా అయిపోతాడు, పోతే ఏమీ జరగనట్టు చెంచాతో నేలను బాదుకుంటూ కూర్చుంటాడు. ఆ శీతాకాలం మూడుసార్లు క్లినిక్కు తీసుకెళ్లాను. మూడోసారి అక్కడి నర్సు నన్ను రెండు ప్రశ్నలు అడిగింది. ఇంట్లో ఇంకెవరుంటారు, రాత్రి నిద్రపోతున్నావా అని. తర్వాత కంప్యూటర్లో చాలాసేపు ఏదో రాసుకుంది. రెండు ప్రశ్నలకు అంత రాత ఎందుకు? ఈ పిల్లకు పిల్లాణ్ని పెంచడం చేతకాదని రాసిందని నాకు అర్థమైపోయింది. అలా రాస్తే ఏమవుతుందో కూడా నాకు తెలుసు. ఒకరోజు పిల్లల సంక్షేమ శాఖ నుంచి ఇద్దరు ఆడవాళ్లు ఫైళ్లు పట్టుకుని తలుపు కొడతారు, పిల్లాణ్ని తీసుకుపోతారు. అందుకే నాలుగోసారి దగ్గు మొదలైనప్పుడు క్లినిక్కు వెళ్లలేదు. పక్క వీధిలో ఉండే డోరీన్‌ను అడిగాను.

“ఊటబావికి వెళ్లు” అంది డోరీన్. “పిల్లాడి ఒంటి మీది గుడ్డ పీలిక చించి, నీళ్లలో ముంచి, పక్కనున్న ముళ్లచెట్టుకు కట్టు. గుడ్డ కుళ్లేకొద్దీ జబ్బు కరిగిపోతుంది. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ నోరు విప్పకూడదు. మా అమ్మ నాకు కోరింత దగ్గొస్తే ఇలాగే కట్టింది.”

“అది బెరిల్ వాళ్లు చేసే పని కాదా?”

“ఛీ. వాళ్లది మంత్రతంత్రం. మనది ఊటబావి.”

పెర్రన్ రాత్రి చొక్కాల్లో మంచిది చూసి చించాను. డైనోసార్ల బొమ్మలున్నది. వాడి కోసం నాసిరకం కట్టకూడదు కదా. కత్తెర కూడా దిగనంత గట్టి గుడ్డ, పళ్లతో లాగాల్సి వచ్చింది. తోపుడు బండిలో పెర్రన్‌ను కూర్చోబెట్టి, బురద దారిలో రెండు మైళ్లు నోరు మూసుకుని తోశాను. పోస్టు మనిషి “శుభోదయం” అంటే తలూపి ఊరుకున్నాను. ఆయన నాకు కోపమొచ్చిందనుకున్నాడట, వారం రోజులు మా ఇంటి ఉత్తరాలు గేటు దగ్గరే పెట్టి పోయాడు.

కట్టిన రెండు రాత్రులు పెర్రన్ హాయిగా నిద్రపోయాడు. నేను మేలుకుని వాడి ఊపిరి లెక్కపెట్టుకున్నాను. మూడో రోజు పొద్దున మళ్లీ మొరిగాడు. ముడి ఊడిందేమోనని పరుగున ఊటబావికి వెళ్లాను.

చెట్టు దగ్గర ముగ్గురున్నారు. బెరిల్ హాస్కింగ్ నిచ్చెన పీట ఎక్కి గోళ్ల కత్తెరతో కొమ్మల మధ్య ఏదో కత్తిరిస్తోంది. ఆమె కింద క్లెమ్ చెత్త సంచీ పట్టుకుని నిలబడ్డాడు. ఒకప్పుడు అంబులెన్సు నడిపిన ముసలాయన. కొంచెం దూరంలో కొత్తగా మా ఊరొచ్చిన షారన్ నేల దాకా వేలాడే నల్ల దుప్పటిలాంటిది కప్పుకుని, చేతిలో వంకర కొడవలి పట్టుకుని ఉంది. తన పేరు షారన్ కాదని, మూన్‌షాడో అని అందరికీ చెబుతుంటుంది. నేను కట్టిన కొమ్మ కోసం వెతికాను. డైనోసార్లు లేవు.

పొద వెనక దాక్కున్నాను. తోపుడు బండి పూర్తిగా దాగదని అప్పుడు తోచలేదు. పెర్రన్ బండిలోంచి చెయ్యి బయటపెట్టి “బా!” అని అరిచాడు. షారన్ కొడవలి పట్టుకుని మావైపు తిరిగింది. ఇక నేను ఆగలేదు. ఆ బండి చక్రాలు డోరీన్ ఇంటి దాకా నేలను తాకాయో లేదో నాకు గుర్తు లేదు.

“గుడ్డ తీసుకుపోయారా?” డోరీన్ కుర్చీలోంచి లేచింది. “పిల్లాడి గుడ్డ ఎవరి దగ్గరుంటే పిల్లాడి ఊపిరి వాళ్ల చేతిలో ఉన్నట్టే. పోయి తెచ్చుకో.”

“మీరూ రండి.”

“నేనా? ఆ ఇంటికా? నేను ప్రార్థనకు వెళ్లేదాన్నమ్మా.”

సాయంత్రం నాలుగింటికి ఒక్కదాన్నే వెళ్లాను. ఒక్కదాన్నే అంటే, పెర్రన్‌ను చంకనెత్తుకుని. దగ్గుతున్నవాణ్ని డోరీన్ దగ్గర వదలబుద్ధి కాలేదు. బెరిల్ ఇంటి తలుపు తట్టే ముందు ఏమనాలో మూడుసార్లు మనసులో అనుకున్నాను. తలుపు తెరవగానే అంతా మర్చిపోయాను.

“ఓ, బఠాణీల పిల్ల!” అంది బెరిల్. “ముద్ద కింద దాచిపెట్టేదానివి. సెనారా కదూ? నీకిప్పుడు పిల్లాడా! రా బంగారం, రా, బూట్లు విప్పకు, ఇక్కడ అంతా బురదే.”

మంత్రగత్తెల కథల్లో ఉండే ఇనుప కాగు నిజంగానే ఉంది. పొయ్యి పక్కనే, నల్లగా, మూడు కాళ్లతో. తొంగి చూశాను. గొడుగులున్నాయి. చీపురు కూడా ఉంది, కుక్క బొచ్చు నిండా. బల్ల చుట్టూ క్లెమ్, షారన్ కూర్చున్నారు. బల్ల మీద గుడ్డపీలికల గుట్టలు. వాళ్లు ఆగస్టు పండగ గురించి పోట్లాడుకుంటున్నారు. కోతల పండక్కి రొట్టె ఎవరు చేయాలి, పోయినసారి మడత కుర్చీలు తీసుకుపోయి తిరిగివ్వనిది ఎవరు అని.

“మొన్నటి సభలో రాసుకున్నాం, కుర్చీలు క్లెమ్ బాధ్యత” అంది బెరిల్.

“దేవత కోసం కాసేపు నిలబడలేమా? కుర్చీలెందుకు?” అన్నాడు క్లెమ్.

“నా మోకాలు దేవతకు తెలుసు. నీకే తెలియదు.”

“నా కొడుకు గుడ్డ ఇవ్వండి” అన్నాను. గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది.

ముగ్గురూ నావైపు చూశారు.

“ఏ గుడ్డ, పిల్లా?”

“డైనోసార్లది. ఊటబావి చెట్టుకు కట్టాను. మీరు కోసేశారు. కొడవలితో.”

“కొడవలితో ఏదీ తెగదు” అన్నాడు క్లెమ్. “ఇంటర్నెట్టులో కొన్నది. దానితో వెన్న కూడా కోయలేకపోయాం.”

“అది పూజ కోసం” అంది షారన్ మొహం ముడుచుకుని.

బెరిల్ గుట్టల్లో వెతికి డైనోసార్ల పీలిక బయటికి తీసింది. ఉతికి ఆరబెట్టినట్టుంది. కళ్లద్దాలు పైకి తోసుకుని, అంచున కుట్టిన చిన్న చీటీ నా మొహం దగ్గర పెట్టింది.

“చదువు.”

చదివాను. అంతా పాలిస్టరు.

“గుడ్డ కుళ్లాలి, జబ్బు పోవాలి. అదేగా కట్టేది? ఇది కుళ్లేసరికి నీ మునిమనవలు ముసలివాళ్లై దగ్గుతుంటారు. అందాకా ఆ కొమ్మ గొంతు బిగిసి చస్తుంది. చూడు ఇవన్నీ.” గుట్టలు ఒక్కొక్కటీ చూపించింది. “నైలాను రిబ్బను. జడకు పెట్టుకునే రబ్బరు. బూటు తాడు. ఇది లోపలి బాడీ పట్టీ. ఎవరి జబ్బో అడగదలచుకోలేదు. ఇదిగో, చిప్సు పొట్లం! దాన్ని కూడా ముడేసి కట్టారు తల్లీ. దేవతకు ఏం చెప్పుకున్నారో, ఉప్పు తక్కువైందనా?”

“టీవీలో చూసి వస్తారు” అన్నాడు క్లెమ్. “బావిలో కొవ్వొత్తులు వెలిగిస్తారు, మెరుపుల పొడి చల్లుతారు. ఊళ్లో వాళ్లేమో అదంతా మేం చేశామంటారు. నలభై ఏళ్లుగా నేను చేస్తున్న మంత్రవిద్య ఏంటో తెలుసా? చెత్త ఎత్తడం.”

మంచి చొక్కా ఏరి మరీ చించింది నేనే. “అంటే... నేనే వాడి జబ్బు ఎప్పటికీ పోకుండా కట్టానా?”

“అయ్యో, లేదు లేదు, అలా కంగారు పడకు. మేం ఎవరి మొక్కూ పారేయం. ఒకటి తీస్తే, ఆ చోట నూలు పీలిక కడతాం. నా పాత దిండు గలీబులు చించి. నీ పిల్లాడిది అప్పుడే మార్చేశాను.”

అక్కడితో ఊరుకోవాల్సింది. కానీ నాకు భయమేస్తే నోరు ఆగదు. “అది మీ దిండు గలీబు. పిల్లాడి ఒంటి మీది గుడ్డే కట్టాలని డోరీన్ చెప్పింది. దగ్గుతున్నది మీ దిండు కాదుగా?”

క్లెమ్ బల్లను గట్టిగా చరిచాడు. “నేను చెప్పలేదూ! ఎనిమిదేళ్లుగా చెప్తున్నా, నీ దిండు లెక్కలోకి రాదని!”

“మనసు ముఖ్యం, క్లెమ్.”

“మనసే ముఖ్యమైతే నైలాను చాలుగా. మనమెందుకు నిచ్చెనలెక్కడం?”

“మా పుస్తకంలో...” అని షారన్ మొదలుపెట్టింది.

“ఏ పుస్తకం? చేత్తో రాసుకున్నదా, కొన్నదా?” ఇద్దరూ ఒకేసారి అడిగారు.

వాళ్లు అలా వాదించుకుంటుంటే నాకు ఒక్క నిమిషం నవ్వొచ్చింది. నిజం చెప్పాలంటే, చాన్నాళ్ల తర్వాత వచ్చిన నవ్వు. అప్పుడే పెర్రన్ నా భుజం మీద దగ్గాడు. ఒకసారి. రెండుసార్లు. మూడోదాని తర్వాత ఊపిరి తీసుకోబోతే లోపల ఈల వేసినట్టు, పాత తలుపు కిర్రుమన్నట్టు చప్పుడైంది. అలాంటి చప్పుడు అంతకుముందెప్పుడూ వినలేదు. వాడు నా మొహంలోకి చూశాడు. ఏడవడానికి కూడా వాడికి గాలి లేదు.

“ఏదో ఒకటి చెయ్యండి!” అన్నాను. “మీరు మంత్రగత్తెలు కదా! ఏదైనా చదవండి!”

షారన్ దుప్పటి వెనక్కి విసిరి రెండు చేతులూ పైకెత్తింది. “నేను రక్షణ వృత్తం గీస్తాను!”

“గీయకు” అంది బెరిల్. “తలుపు తియ్యి.”

క్లెమ్ అప్పటికే లేచాడు. అంతసేపూ కుర్చీల గురించి గొడవపడిన మనిషి కాదు, వేరే మనిషి. పెర్రన్ చొక్కా పైకెత్తి పక్కటెముకలు చూశాడు. ఊపిరి తీసినప్పుడల్లా ఎముకల కింద చర్మం లోపలికి గుంట పడుతోంది. “నిటారుగా ఎత్తుకో. పడుకోబెట్టకు. గుమ్మంలోకి తీసుకురా, చల్లగాలి తగలనీ. నువ్వు ఏడవకు, నిన్ను చూసి వాడు ఏడిస్తే ఊపిరి ఇంకా కష్టమవుతుంది.” అంటూనే ఫోను తీసి అంబులెన్సుకు కలిపాడు. రెండు మాటలు విన్నాడు. “దగ్గరి బండి ముప్పావుగంట దూరంలో ఉంది. ఆసుపత్రి ఇరవై నిమిషాలు. తీసుకొచ్చేయమంటున్నారు. దారిలో పిల్లాడి పెదాలు నీలంగా అయితే కారు ఆపి మళ్లీ ఫోను చేయాలి. బెరిల్, తాళాలు.”

“క్లినిక్కు వద్దు” అన్నాను. ఎలా అన్నానో నాకే తెలియదు. “ఆసుపత్రి వద్దు. వాళ్లు రాసుకుంటారు. వాణ్ని తీసేసుకుంటారు. మీరు చేయండి, మీకేం కావాలన్నా ఇస్తాను, మీరే చేయండి.”

బెరిల్ కోటు వేసుకుంటూ ఆగింది. బళ్లో ఎవరైనా పళ్లెం నేల మీద పడేసినప్పుడు చూసేదే, ఆ చూపు చూసింది. కోపం కాదు.

“పిల్లా, నాకు వచ్చిన మంత్రాలన్నీ కలిపినా వాడి గొంతులో వాపు తగ్గదు. మందుకు తగ్గుతుంది. ముందు డాక్టరు. తర్వాత నీకు కావాలంటే పొద్దుపోయే దాకా మంత్రాలు చదువుతాను. పద.”

కారు ముందు సీటులో బెరిల్, పక్కన క్లెమ్. వెనక పిల్లల సీటు లేదు. పెర్రన్‌ను ఒళ్లో నిటారుగా పట్టుకున్నాను, కిటికీ తెరిచి. ఇలా తీసుకుపోకూడదని క్లెమ్ దారి పొడవునా గొణిగాడు. వెనక్కి తిరిగి పెర్రన్ రంగు చూస్తూనే ఉన్నాడు. ఆ సన్నటి దారుల్లో బెరిల్ ఎలా నడిపిందో చెప్పలేను, రెండు గొర్రెలు ఇప్పటికీ గుర్తుపెట్టుకుని ఉంటాయి. నడుపుతూనే ఏదో మెల్లగా, ఒకే రాగంలో చదవసాగింది. చదవనంటూనే చదువుతోందని నాకు ప్రాణం లేచొచ్చింది. పెర్రన్ కూడా విన్నాడు. వాడి చూపు ఆమె తల వెనక నిలిచింది, చేతుల బిగువు తగ్గింది. నేను ముందుకు వంగి విన్నాను.

“...సోమవారం సాసేజీ, దుంపల ముద్ద. మంగళవారం ఉల్లిపాయల కూర, పళ్ల పాయసం. బుధవారం పేస్టీ, బఠాణీలు. గురువారం...”

“మంత్రమా అది?” అన్నాను.

“ముప్పై ఏళ్లు చదివాను. ఏ పిల్లాడూ దీన్ని వింటూ ఏడవలేదు. బఠాణీల దగ్గర తప్ప. గురువారం కోడి పులుసు, రొట్టె...”

ఆసుపత్రిలో ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. ముందు పెర్రన్‌ను తీసుకున్నారు. సిరంజితో నోట్లో తియ్యటి మందు కొంచెం పోశారు. మొహానికి ముసుగు పెడితే పొగలాంటిది వచ్చింది. వాడు నా చొక్కా బొత్తాన్ని పట్టుకునే ఉన్నాడు. గంటకు ఆ కిర్రుమనే చప్పుడు ఆగింది. గంటన్నరకు వాడు డాక్టరు చెవిని పట్టుకుని లాగాడు.

అప్పుడు నర్సు వచ్చి నా పక్కన కూర్చుంది. క్లినిక్కులో చూసిన ఆవిడ కాదు, వేరే. “ఇలా ఎన్నాళ్లుగా దగ్గుతున్నాడు?”

“వారం.”

“వారంలో ఎందుకు రాలేదు?”

డెన్‌జిల్ సముద్రం మీద ఉన్నాడని చెబుదామనుకున్నాను. బస్సు లేదని చెబుదామనుకున్నాను. “భయమేసింది” అన్నాను. “పోయినసారి నా గురించి చాలా రాశారు. వీడిని నా దగ్గర్నుంచి తీసేస్తారని...”

ఆవిడ కంప్యూటరు దగ్గరికి వెళ్లి కొంతసేపు చూసింది. తెర నావైపు తిప్పింది. “ఇది పోయినసారిది. నువ్వే చదువుకో.”

చదవడం నాకు నెమ్మదే. ఒక్కో మాటా చదివాను. దగ్గు గురించి, మందు గురించి రాసి ఉంది. కింద ఇలా ఉంది. ‘తల్లి జాగ్రత్తగా చూసుకుంటోంది. చాలా అలసిపోయి ఉంది, ఇంట్లో ఒక్కతే. ఫోను చేసి సాయం కావాలేమో కనుక్కోవాలి.’ దాని కింద మూడు తేదీలు. మూడింటి పక్కనా, ‘ఎత్తలేదు.’

నంబరు కనిపించని ఫోన్లు ఆ మూడూ. తలగడ కింద పెట్టి మోగనిచ్చాను.

గదిలోంచి బయటికి వస్తే, వరండాలో బెరిల్ బెంచీ మీద కూర్చుని ఉంది. చేతిలో కాగితం పొట్లం. అందులో కుంకుమపువ్వు బన్ను, వెన్న దట్టంగా పూసి.

“తిను.”

“ఆకలి లేదు.”

“ఆకలి గురించి ఎవరడిగారు? మేం ఏ పూజ చేసినా చివర తింటాం. రొట్టె, తాగడానికి ఏదైనా. లేకపోతే మనిషి గాల్లోనే ఉండిపోతాడు, కాళ్లు నేలకు ఆనవు. నలభై ఏళ్లలో నేను నేర్చుకున్నవాటిలో పనికొచ్చేది ఇదొక్కటే. మిగతావన్నీ కుర్చీలు మోయడం.”

తిన్నాను. మొత్తం తిన్నాను, వేళ్లకంటిన వెన్న కూడా. పెర్రన్‌కు కొస తుంచి ఇస్తే వాడు దాన్ని బెరిల్ కోటుకు రాశాడు. అంతలోనే నాకు ఏడుపొచ్చింది. ఆమె కదలకుండా పక్కనే కూర్చుంది. బళ్లో ఉన్నప్పుడు కూడా ఇంతే, ఏడ్చేవాళ్లను పలకరించేది కాదు, గరిటె పెట్టి ముందుకు కదిలేది.

“మీ గురించి ఊళ్లో ఏమంటారో తెలుసా?” అన్నాను చివరికి.

“బట్టల్లేకుండా నాట్యం చేస్తామని.”

“చేస్తారా?”

“పిల్లా, నా వయసులో చూడ్డానికి ఎవరొస్తారు?” కోటు మీది వెన్న తుడుచుకుంటూ లేచింది. “నీ గురించి కూడా అంటారు, తెలుసా. బడి మానేసిన పిల్ల, ఏం పెంచుతుందిలే అని. నేను ఆ మాటలు పట్టించుకోను. నువ్వూ పట్టించుకోకు. కారు తెస్తాను.”

వెళ్లేముందు కౌంటరు దగ్గర ఆగాను. గురువారం మళ్లీ చూపించాలని డాక్టరు రాసిన చీటీ ఇచ్చాను. అక్కడి అమ్మాయి నా వయసుదే, గోళ్లకు ఊదా రంగు. పొద్దున పదింటికి వేసింది. “బుధవారం గుర్తు చేయడానికి ఫోను చేస్తారు. నంబరు ఇదేనా? పాతది?”

“ఇదే” అన్నాను. “నంబరు కనబడకుండా వస్తుంది కదా?”

“అవును, మావన్నీ అంతే.”

“పర్వాలేదు. ఎత్తుతాను.”

బయట హారను మోగింది. అంబులెన్సులు ఆగే చోట కారు పెట్టినందుకు క్లెమ్ బెరిల్‌ను తిడుతున్నాడు, ఇరవై ఏళ్లు ఆ చోటికి బండి నడిపినవాణ్ని నాకు చెబుతావా అని ఒకటే గోల. పెర్రన్ భుజం మీద నిద్రపోయాడు. వాడి నోరు తెరిచి ఉంది. ఊపిరి చప్పుడు లేకుండా వస్తోంది, పోతోంది. లెక్కపెట్టకుండా కారు వైపు నడిచాను.